సిటాబ్రియాపై టెయిల్‌వీల్ శిక్షణ: ఒక సమీక్ష

అమెరికాలో సెస్నా 172 వంటి విమానంపై ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ పొంది, తరువాత ఏమి నేర్చుకోవాలా అని ఆలోచిస్తున్న తెలుగువారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. నేను టెయిల్‌వీల్ శిక్షణ పొందినది ఒక చిన్న పట్టణం శివార్లలో, గడ్డి రన్‌వే పక్కన నడిచే ఫ్లయింగ్ స్కూలులో. విమానం సిటాబ్రియా; ఒకరి వెనుక ఒకరు కూర్చునే ఈ విమానానికి ముక్కు కింద చక్రం ఉండదు, తోక కింద చిన్న చక్రం ఉంటుంది. ఇటువంటి విమానాన్ని పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే దాని పూర్తి బాధ్యత వహించే పైలట్‌గా, నడపాలంటే, 1991 ఏప్రిల్ 15కు ముందే ఆ అనుభవం గడించినవారు తప్ప మిగిలినవారందరూ ఇన్‌స్ట్రక్టర్ చేత లాగ్‌బుక్‌లో ఎండార్స్‌మెంట్ (నేర్పు వచ్చిందన్న ధ్రువీకరణ) రాయించుకోవాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్.ఎ.ఎ. నిబంధన 61.31 చెబుతోంది. ఇన్ని గంటలు ఎగరాలన్న లెక్క అందులో లేదు. నేర్పు వచ్చిందని ఇన్‌స్ట్రక్టర్‌కు నమ్మకం కలగాలి, అంతే. అందువల్ల ఈ కోర్సు మంచిచెడ్డలు చాలావరకు నేర్పే మనిషిని బట్టే ఉంటాయి.

ఆ విషయంలో ఈ స్కూలుకు నేను పూర్తి మార్కులు వేస్తాను. మా ఇన్‌స్ట్రక్టర్ మొదటి పాఠాన్ని తోక దగ్గర నేల మీద కూర్చుని చెప్పారు. రడ్డర్‌ను, అంటే ముక్కును కుడిఎడమలకు తిప్పే తోక మీది కదిలే పలకను, తోక చక్రంతో కలిపే రెండు చిన్న గొలుసులను, వాటి స్ప్రింగులను వేలితో లాగి చూపి, ఎంత వదులుంటే ప్రమాదమో వివరించారు. కొంత కోణం వరకు ఆ చక్రం పైలట్ పాదాల కింది రడ్డర్ పెడల్ చెప్పినట్టు తిరుగుతుంది. ఆ కోణం దాటగానే లోపలి పట్టు విడిపోయి ఎటుపడితే అటు తిరగడం మొదలుపెడుతుంది. ఆ తరువాత పెడల్ ఎంత తొక్కినా చక్రం దారికి రాదు.

దిగిన విమానం అదుపు తప్పి గిర్రున తిరిగిపోవడాన్ని గ్రౌండ్ లూప్ అంటారు. దానికి మూలం గరిమనాభి, అంటే విమానం బరువంతా కేంద్రీకృతమైనట్టుండే బిందువు, ఉన్న చోటు. ముక్కు చక్రం ఉన్న విమానంలో అది ప్రధాన చక్రాలకు ముందు ఉంటుంది కనుక, విమానం కాస్త పక్కకు తిరిగినా దాని బరువే దానిని మళ్ళీ దారిలో పెడుతుంది. తోక చక్రం ఉన్న విమానంలో గరిమనాభి ప్రధాన చక్రాల వెనుక ఉంటుంది కనుక, ముక్కు ఏ కొంచెం తిరిగినా వెనుకనున్న బరువు ఆ మలుపును ఇంకా పెంచుతుంది. అరచేతిలో కర్రను నిలబెట్టినట్టు, ఒరగకముందే సరిదిద్దుతూ ఉండాలి. పైగా వేగం తగ్గేకొద్దీ రడ్డర్ మీదుగా పారే గాలి తగ్గి దాని బలం సన్నగిల్లుతుంది. పక్కగాలి మాత్రం నిలువు తోకను నెట్టి, ముక్కును గాలి వచ్చే వైపుకు తిప్పుతూనే ఉంటుంది. రెక్క కొన నేలను గీరడం, చక్రం కాలు విరగడం, ప్రొపెల్లర్ నేలకు తగలడం ఆ తరువాతి సంగతులు.

ఇదంతా పుస్తకాలలోనూ దొరుకుతుంది. దొరకనిది పాదాలకు వచ్చే అలవాటు. రన్‌వే మీద వేగంగా టాక్సీ చేయిస్తూ (విమానాన్ని నేల మీదే నడిపిస్తూ), వెనుక సీటులోంచి మా ఇన్‌స్ట్రక్టర్ ముక్కును ఉద్దేశపూర్వకంగా కొద్దిగా పక్కకు పోనిచ్చి, దానిని నా చేత సరిచేయించేవారు. పెడల్‌ను తొక్కి పట్టుకోకుండా, చిన్నగా తొక్కి వెంటనే వదలడం, అవసరమైతే మళ్ళీ తొక్కడం అలా వంటబట్టింది. మూడు చక్రాలనూ ఒకేసారి ఆనించే త్రీ-పాయింట్ లాండింగ్‌నూ, తోకను గాలిలోనే ఉంచి ముందు చక్రాలపై దిగే వీల్ లాండింగ్‌నూ ఓపికగా నేర్పారు. దిగాక కూడా స్టిక్‌ను పూర్తిగా వెనక్కి లాగి ఉంచాలనీ, గాలి వచ్చే వైపు ఎయిలెరాన్‌ను (రెక్క వెనుక అంచున కదిలే పలకను) పైకి ఉంచాలనీ, విమానం పూర్తిగా ఆగేదాకా ఆమె గుర్తు చేస్తూనే ఉండేవారు. మన దేశపు ఫ్లయింగ్ క్లబ్బులలో ఒక తరం విద్యార్థులు 1958లో తొలిసారి ఎగిరిన హెచ్.ఎ.ఎల్. పుష్పక్ మీద, అంటే తోక చక్రపు విమానం మీదే, ఓనమాలు దిద్దారు. వారి పాదాలకు మొదటి రోజు నుంచే ఈ క్రమశిక్షణ అలవడి ఉంటుంది.

ఇక లోపాలు. గాలి బాగా వీచే రోజులలో ఈ స్కూలు పాఠాలు రద్దు చేస్తుంది. విమానాన్ని కాపాడుకోవాలన్న ఆలోచన అర్థం చేసుకోదగినదే అయినా, పక్కగాలిలో దిగడం నేర్పవలసిన కోర్సుకు ఇది పెద్ద కొరత. రెండవది, పాఠాలన్నీ గడ్డి మీదే సాగుతాయి. గడ్డి మీద చక్రాలు కాస్త జారి చిన్న తప్పులను మన్నిస్తాయి; తారు రన్‌వే మీద టైరు గట్టిగా పట్టుకుంటుంది కనుక, వంకరగా దిగితే విమానం ఒక్కసారిగా పక్కకు లాగేస్తుంది. మూడవది, ఎండార్స్‌మెంట్ వచ్చాక కూడా బీమా నిబంధనల పేరుతో విమానాన్ని ఒంటరిగా నడపడానికి ఇవ్వరు; ఈ సంగతి చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

అయినప్పటికీ ఈ ఖర్చు దండగ కాదని గట్టిగా చెబుతాను. దీని ఫలితం నాకు సెస్నా 172లోనే ఎక్కువగా కనిపిస్తోంది: పక్కగాలిలో ముక్కును రన్‌వేకు సూటిగా తెచ్చాకే చక్రాలు ఆనిస్తున్నాను, ముక్కు చక్రాన్ని తొందరపడి నేలకు అదమడం లేదు. చేరాలనుకునేవారు డబ్బు కట్టకముందే మూడు విషయాలు అడగండి: ఎంత పక్కగాలి వరకు పాఠం చెబుతారు, తారు రన్‌వేకు కూడా తీసుకెళతారా, కోర్సు అయ్యాక విమానాన్ని ఒంటరిగా అద్దెకు ఇస్తారా.