పల్లెటూళ్లో గాలి మీటరు: కొన్ని చలికాలాలు వాడాక

పీఎం 2.5, అంటే గాలిలోని సన్నధూళి, కొలిచే అరచేతి మీటరు కొనొచ్చా అంటే, కొనొచ్చు. అయితే దాన్ని పెట్టాల్సిన చోటు వీధి అరుగు కాదు, పొయ్యి పక్క.

విజయనగరం జిల్లా చీపురుపల్లి వైపు పల్లె మాది. కార్తీకం దాటిందంటే అమ్మకి దగ్గు, ఆయాసం. ఊదే పరీక్ష చేయించిన డాక్టరుగారు సీఓపీడీ, అంటే ఊపిరితిత్తులు దెబ్బతిని ఊపిరి సరిగా ఆడని జబ్బు అని తేల్చి, పొయ్యి దగ్గర ఎంతసేపు కూర్చుంటారని అడిగారు. అమ్మకి చుట్ట అలవాటు లేదు, మా వైపు పాతకాలం ముసలమ్మల్లా చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకునే అడ్డపొగ అసలే లేదు. మరి ఊపిరితిత్తులు ఎందుకు పాడయ్యాయో చూద్దామని మీటరు తెప్పించాను. "ఇదేటిరా, జొరం సూసే మిషనా?" అంది అమ్మ.

ఇంట్లో గ్యాస్ ఉంది. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం-2 పథకం 2024 నవంబరు 1న మొదలైంది కూడా పక్క జిల్లా ఈదుపురంలోనే. అయినా చలికాలం స్నానాల నీళ్లు గ్యాస్ మీద కాచే ఇళ్లు తక్కువ. ఇంటిల్లిపాదికీ కాగు నిండా నీళ్లు కాగాలంటే సరుగుడు పుల్లలు, కొబ్బరి మట్టలే గతి. మధ్యాహ్నం పెరట్లో నలభై చూపించే మీటరు, తాటాకుతో పొయ్యి రాజేసేసరికి ఆరు వందలు దాటేది. మంట అందుకున్నాక దిగేది, పచ్చి మట్ట పెడితే మళ్లీ ఎగబాకేది. రోజు సగటుకి మన దేశం పెట్టుకున్న హద్దు ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. కాసేపటి అంకెని రోజు సగటుతో పోల్చకూడదు, నిజమే. కానీ ఆ కాసేపూ ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు కూర్చునేది రోజూ ఒకే మనిషి. నీళ్ల పొయ్యి పెరట్లోకి మార్చాలని ఎన్నాళ్లు చెప్పినా వినని నాన్న, ఆ అంకె చూశాక మార్చారు.

పడకగది సంగతి నేను ఊహించలేదు. చలికి తలుపులు బిగించి దోమల కాయిల్ వెలిగిస్తే తెల్లారేదాకా రెండొందలకి తగ్గలేదు. ఒక కాయిల్ నుంచి వచ్చే సన్నధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని ఒక పరిశోధన లెక్కగట్టింది. ఇప్పుడు దోమతెరే.

వీధిలోకి తెస్తే మాత్రం ఈ మీటరు తికమక పెడుతుంది. రేణువుల మీద పడి చెదిరిన లేజరు కాంతిని బట్టి ఇది లెక్క చెబుతుంది. మంచు బిందువైనా దానికి ధూళే. పొగమంచు పడిన పూట మూడు వందలు చూపిస్తే అదంతా పొగ అనుకోకండి. అలాగని గాలి శుభ్రంగా ఉందనీ కాదు. రాత్రి నేల చల్లబడితే దాన్ని అంటిపెట్టుకున్న గాలి పైకి లేవదు. పొయ్యిలు, దాలి, చెత్త మంటల పొగంతా ఊరి మీదే కూర్చుని, ఎండ ముదిరాక గానీ చెదరదు. అమ్మ పొద్దుటి నడక ఇప్పుడు ఆ తర్వాతే. వరి కోయకముందే మినుము, పెసర చల్లేస్తాం కాబట్టి పంజాబులోలా పొలాలకి నిప్పు పెట్టడం మాకు తక్కువ, అదొక్కటి నయం.

నూర్పు మిషన్ దగ్గర అంకె 999కి వెళ్లి ఆగిపోయింది, అంతకు మించి చూపించలేదు. తువ్వాలు కట్టుకుంటే పొట్టు ఆగుతుంది గానీ సన్నధూళి ఆగదు. ముక్కు దగ్గర బిగుతుగా కూర్చునే ఎన్95 మాస్క్ కావాలి. ఆ నుసి లోపలి ఫ్యాన్‌లో చేరి మీటరు గరగరమంటుంది, మెత్తని బ్రష్‌తో దులపాలి.

ఇది కార్బన్ మోనాక్సైడ్‌ని కొలవదు. గది మూసి నిప్పుల కుంపటి పెట్టుకుంటే ప్రాణానికే ముప్పు, అప్పుడు దీని తెర మీద ఆకుపచ్చ రంగు ఉన్నా నమ్మొద్దు. ఫార్మాల్డిహైడ్ అని ఇంకో అంకె ఉంది. అమ్మ తలకి సెంటు నూనె రాసుకుని పక్కన కూర్చుంటే అది లేచి గంతులేస్తుంది, దాన్ని పట్టించుకోవడం మానేశాను. బ్యాటరీ రెండో చలికాలానికే చచ్చింది, ఎప్పుడూ వైరు తగిలించే ఉంచాలి. అమ్మిన దుకాణం వాళ్లు మార్చం పొమ్మన్నారు. కొనేటప్పుడు తేమ శాతం కూడా చూపించే రకం అడగండి. తేమ తొంభై దాటిన పూట బయటి అంకెని వదిలేయొచ్చు.