సీనాయి నుంచి యెరూషలేము దాకా: ప్రత్యక్షపు గుడారం వెతుక్కుంటూ

పంతొమ్మిదేళ్లుగా సండే స్కూల్లో ప్రత్యక్షపు గుడారం పాఠం చెబుతున్నాను. ఎడారి ప్రయాణంలో ఇశ్రాయేలీయులు దేవుణ్ణి ఆరాధించడానికి మోషే కట్టించిన గుడారం అది. థర్మాకోల్ అట్టలు, అగరుబత్తి పుల్లలు, బంగారు రంగు కాగితం ఉంటే చాలు, పిల్లలు ఒక్క పూటలో గుడారం కట్టేస్తారు. దేవుని ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె, అదే మందసానికి, అగ్గిపెట్టె సరిపోయేది. అందుకే 2023 ఫిబ్రవరిలో మా సంఘం వాళ్లం ఈజిప్టు, ఇశ్రాయేలు, యోర్దాను పది రోజుల యాత్రకు వెళ్లినప్పుడు, అడ్వాన్సు కట్టక ముందే ఏజెంటును రెండు చోట్లు అడిగాను: గుడారం నమూనా ఉన్న తిమ్నా, యెరూషలేములోని ఇశ్రాయేల్ మ్యూజియం. రెండూ ప్యాకేజీలో లేవు. తలకు కొంత అదనంగా తీసుకుని ఒప్పుకున్నారు. మీరు వెళ్లేటప్పుడు కూడా ఈ మాట ముందే తేల్చుకుని, కాగితం మీద రాయించుకోండి. బస్సెక్కాక అడిగితే టైము లేదంటారు.

ఖర్చు సంగతి కూడా చెప్పేస్తాను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యెరూషలేము యాత్రకు ఇచ్చే సాయాన్ని 2019లో పెంచింది. అప్పటి లెక్క ప్రకారం ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉన్నవాళ్లకు 60,000 రూపాయలు, అంతకు మించితే 30,000. మేము మాత్రం సొంత డబ్బుతోనే వెళ్లాం. రెండేళ్లు చీటీ కట్టి దాచుకున్నాను.

సీనాయి కొండ ఎక్కిన రాత్రి గురించి ఎక్కువ చెప్పను, అది అందరూ చెప్పేదే. 2,285 మీటర్ల ఎత్తు, గడ్డకట్టే చలి. కింద మేము దిగిన హోటల్లో హీటరు పనిచేయలేదు. అదనపు రగ్గులు అడిగితే గదికి ఒకటే ఇచ్చారు. అరవై దాటినవాళ్లు ఉంటే స్వెట్టరు, మేజోళ్లు, మంకీ క్యాప్ చేతి సంచిలోనే పెట్టుకోండి. నాకు గుర్తుండిపోయింది మర్నాడు పొద్దున బస్సులోంచి కనిపించిన తుమ్మ చెట్లు. మన పొలం గట్ల మీద ఉండే జాతికి దగ్గరివే. మందసం, బల్ల, ధూపవేదిక, గుడారపు పలకలు, అన్నీ తుమ్మకర్రతోనే చేయమన్నాడు దేవుడు. లెబానోను దేవదారు తెమ్మనలేదు. ఆ ఎడారిలో ఏది మొలుస్తుందో దాన్నే అడిగాడు.

టాబా దగ్గర ఈజిప్టు నుంచి ఇశ్రాయేలుకు సరిహద్దు దాటడానికి మూడు గంటలు పట్టింది. ఆ రాత్రి ఏలాతులో ఉండి, పొద్దున్నే తిమ్నాకు బయల్దేరాం. ఏలాతుకు ఉత్తరంగా సుమారు 30 కిలోమీటర్లు. వేల ఏళ్ల కిందట రాగి తవ్విన లోయ అది. ఇప్పుడు టికెట్టు పెట్టి పార్కులా చూపిస్తున్నారు. లోపల ఒక చోటి నుంచి ఇంకో చోటికి కిలోమీటర్ల దూరం, బండి లేకుండా కుదరదు. అక్కడ బైబిల్లోని నిర్గమకాండం చెప్పిన కొలతల ప్రకారం ప్రత్యక్షపు గుడారాన్ని పూర్తి సైజులో కట్టారు.

ఆవరణం 100 మూరల పొడవు, 50 మూరల వెడల్పు, అంటే దాదాపు 150 అడుగులకు 75. చుట్టూ తెర 5 మూరల ఎత్తు. ఆరడుగుల మనిషి మునివేళ్ల మీద నిలబడినా లోపల ఏముందో కనపడదు. తూర్పున ఒకే ద్వారం. ఇవన్నీ బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో! అయినా ఆ తెర పక్కన నిలబడితే తప్ప, బయట ఉండటం అంటే ఏమిటో నాకు తెలియలేదు. లోపల అడుగు పెట్టగానే ఎదురుగా దహనబలిపీఠం. దాన్ని దాటుకోకుండా గుడారం దగ్గరికి పోలేం. బంగారమంతా లోపల ఉంది. మొదట ఎదురయ్యేది ఇత్తడి, బూడిద, నెత్తురు.

గంగాళం దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. గుడారపు ద్వారం దగ్గర సేవ చేసే స్త్రీలు ఇచ్చిన అద్దాలతో దాన్ని చేశారని నిర్గమకాండం 38లో ఉంది. ఆ రోజుల్లో అద్దమంటే మెరుగుపెట్టిన లోహపు పలక. ముఖం చూసుకునే వస్తువును, యాజకులు చేతులు, కాళ్లు కడుక్కోవడానికి ఇచ్చేశారు ఆ తల్లులు. గంగాళానికీ దీపవృక్షానికీ మాత్రం ఎత్తు ఎంతో, వెడల్పు ఎంతో నిర్గమకాండంలో రాయలేదు. కడగబడటానికి, వెలుగుకు హద్దు లేదని మా పాస్టరు అయ్యగారు అన్నారు. వినడానికి బాగుంది కానీ, వాక్యం చెప్పని చోట మనం ఎంతవరకు పోవచ్చునన్నది నాకు అప్పటికీ సందేహమే. ఒక్కో మేకుకూ ఒక్కో రంగుకూ అర్థం చెప్పేవాళ్లను చాలామందిని విన్నాను. కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక రాసినవాడు మాత్రం 9వ అధ్యాయంలో ఆ వస్తువుల పేర్లు చెప్పి, వాటి గురించి ఇప్పుడు వివరంగా చెప్పలేనని ఆపేశాడు. ఆ ఆపడం కూడా నేర్చుకోవలసిందే.

గుడారం లోపల 45 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు. కిటికీ లేదు. మా అక్కయ్యకు మోకాళ్ల నొప్పులు. లోపలికి రాగానే, "ఎక్కడైనా కాస్త కూర్చునే వీలుందేమో చూడమ్మా" అంది. చూశాను. కుడి వైపు బల్ల, ఎడమ వైపు దీపవృక్షం, అడ్డతెర ముందు ధూపవేదిక. కూర్చోవడానికి ఏమీ లేదు. పరిశుద్ధ స్థలంలో యాజకునికి ఆసనం చెప్పలేదు కదా అని అప్పుడు వెలిగింది. యాజకుడు రోజూ నిలబడి సేవ చేస్తాడు, క్రీస్తు ఒక్క బలి అర్పించి కూర్చున్నాడు అని హెబ్రీ 10లో ఉన్న మాటను ఎన్నోసార్లు చదివాను. అక్కయ్య కాళ్ల నొప్పితో దానికి బరువు వచ్చింది.

అక్కడి వస్తువులు నమూనాలే, బంగారు రంగు వేసినవే. గైడుతోపాటే లోపలికి వెళ్లాలి, వివరణ ఇంగ్లీషులో ఉంటుంది, కాబట్టి తెలుగులో చెప్పేవాళ్లు మీ గుంపులో ఒకరైనా ఉండాలి. పెద్దవాళ్లకు ఉదయం పూటే మంచిది. నా లెక్కలో మొత్తం యాత్రలో పెట్టిన డబ్బుకు అన్నిటికన్నా ఎక్కువ దక్కింది ఇక్కడే.

తిమ్నాలో ఇంకో విషయం ఉంది. 1969లో బెనో రోథెన్‌బర్గ్ అనే పురావస్తు పరిశోధకుడు ఇక్కడ మిద్యానీయులు అనే ఎడారి జాతి వాడిన గుడి శిథిలాల్లో, తలకు బంగారు పూత ఉన్న చిన్న రాగి పామును కనుగొన్నారు. ఎరుపు, పసుపు బట్ట పేలికలు కూడా దొరికాయి, అంటే ఆ గుడి మీద గుడారం వేసి ఉండేదన్నమాట. ఆ పాము ఇప్పుడు టెల్ అవీవ్‌లో ఉంది, మేం చూడలేదు. పాము కాటు తిన్న ప్రజలు చూసి బతకాలని ఎడారిలో మోషే ఎత్తిన ఇత్తడి సర్పం ఇదే అని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ అలాంటి పని ఆ ఎడారిలో, ఆ రాగితో జరిగేదని తెలిసింది.

బేత్లెహేములో మూడు రాత్రులు. అరబ్బు క్రైస్తవ కుటుంబం నడిపే హోటలు, గదులు శుభ్రం, భోజనం కడుపునిండా. అన్నంలోకి మన ఆవకాయ సీసా తీస్తే వాళ్లూ రుచి చూశారు. అయితే యెరూషలేము వెళ్లిన ప్రతిసారీ చెక్‌పోస్టు దగ్గర ఆగాలి. ఒక రోజు గంట పైనే పట్టింది. డబ్బు చూసుకుంటే బేత్లెహేము, సమయం చూసుకుంటే యెరూషలేము. శుక్రవారం సాయంత్రం నుంచి విశ్రాంతి దినం, యెరూషలేములో యూదుల దుకాణాలు మూతపడతాయి, బస్సులు ఆగిపోతాయి. ఆ లెక్క వేసుకుని రోజులు ఎంచుకోండి.

పాత పట్టణంలో యూదుల వాడలో, పశ్చిమ గోడకు దిగే మెట్ల దగ్గర అద్దాల పెట్టెలో బంగారు దీపవృక్షం ఉంది. టికెట్టు అక్కర్లేదు. 1987లో మొదలైన టెంపుల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చేయించారు. మళ్లీ కట్టబోయే మందిరం కోసం వాళ్లు ఇలాంటి ఉపకరణాలు సిద్ధం చేస్తున్నారు. మనం నమ్మేది వేరు. అయినా అది వాళ్ల ప్రార్థన. ఆ మెట్ల మీద నిలబడి వాళ్లతో వాదనకు దిగిన ఒక యాత్రికుణ్ణి చూసి నాకు బాధ కలిగింది.

ఇశ్రాయేల్ మ్యూజియానికి కనీసం నాలుగు గంటలు పెట్టుకోండి. మాకు రెండున్నరే దొరికాయి. అక్కడున్న బెయేర్షెబా బలిపీఠం, మూలలకు కొమ్ములున్నది, 1973లో విడి రాళ్లుగా దొరికింది. ఎవరో దాన్ని విప్పి, ఆ రాళ్లను గిడ్డంగి గోడలో పెట్టేశారు. ఒక రాతి మీద పాము చెక్కి ఉంది. యూదా రాజు హిజ్కియా కాలంలో విప్పి ఉంటారని చాలామంది అంటారు. ప్రజలు ధూపం వేయడం మొదలుపెట్టారని మోషే చేసిన ఇత్తడి సర్పాన్ని పగలగొట్టి, దానికి నెహుష్తాను, అంటే ఇత్తడి ముక్క, అని పేరు పెట్టింది ఆ రాజే. దేవుడే చేయించిన వస్తువు, దాన్ని చూసి ఎందరో బతికారు! అయినా ముక్కలు చేశాడు. యేసు ప్రభువు తన సిలువ గురించి చెప్పడానికి ఎత్తుకున్నదీ ఆ సర్పాన్నే. అంతకు ముందు రోజు బజారులో నేను ఆరు సీసాల అభిషేక నూనె, ఒక పొట్టేలు కొమ్ము బూర కొన్నాను. బలిపీఠం ముందు నిలబడి నా సంచిని గట్టిగా పట్టుకున్నాను, చాలాసేపు.

ఆరాదు అనే పాత కోటలోని గుడిలో దొరికిన రెండు ధూపవేదికలూ అక్కడే ఉన్నాయి. యూదా రాజుల కాలం నాటివి. వాటి మీది నల్లటి మసిని పరీక్షిస్తే పెద్దదాని మీద సాంబ్రాణి, చిన్నదాని మీద గంజాయి తేలాయని 2020లో ప్రచురించారు. రూపం ధూపవేదికే, వేసింది మాత్రం తమ సొంతది. అయ్యగారు ఏమీ అనకుండా ఆ రాళ్లనే చూస్తూ ఉండిపోయారు. మా ఆరాధనల గురించి ఆ రాత్రి భోజనాల దగ్గర చాలా మాట్లాడుకున్నాం.

చివరిగా కేతెఫ్ హిన్నోము వెండి రేకులు. 1979లో యెరూషలేము పక్క లోయలోని సమాధిలో గాబ్రియేల్ బార్కాయ్ తవ్వకాల్లో దొరికాయి. చుట్టచుట్టిన రేకులు విప్పడానికి మూడేళ్లు పట్టింది. "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక" అని ఆదివారం అయ్యగారు చేతులెత్తి చెప్పే ఆశీర్వాదం, యూదులను బబులోనుకు చెరపట్టుకుపోక ముందు నాటి చేతిరాతలో. చిన్నదాని పొడవు 39 మిల్లీమీటర్లు. టైమైపోయిందని గైడు పిలుస్తున్నా అక్కయ్య కదల్లేదు. పెదవులు కదుపుతూ, తన చిటికెన వేలు అద్దానికి ఆనించి, దాని పొడవు కొలుచుకుంటూ ఉంది.