మా మున్సిపాలిటీ ఫిర్యాదుల యాప్, రెండేళ్లు వాడాక: నా బాధంతా ఆ ‘పరిష్కరించబడింది’ గురించే

యాప్ ఎలా వేసుకోవాలి, ఓటీపీ వస్తుందా రాదా, అవన్నీ అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. మొదట్లో దీనికి ఐదు స్టార్లు ఇచ్చినవాణ్ని నేనే. వీధిలైటు పోయిందని రాత్రి పెడితే రెండో రోజు నిచ్చెనతో వచ్చారు, మ్యాన్‌హోల్ మూత పగిలితే వారంలో మార్చారు. వాటికి ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. లైటుకి, మూతకి ఓనర్ అంటూ ఎవరూ ఉండరు కదా, అందుకేమో.

అసలు సంగతి మా పక్కన గల్లీ మూల మీద అపార్ట్‌మెంటుది. పర్మిషన్ ప్రకారం కింద స్టిల్ట్, అంటే గోడల్లేకుండా పిల్లర్లే ఉండే అంతస్తు, మొత్తం పార్కింగే. తెలంగాణలో ఇలాంటివాటికి 2012 నాటి బిల్డింగ్ రూల్స్ జీవో 168 కింద బిల్డర్ 10 శాతం ఏరియా మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ పెట్టాలి, ప్లాన్ ప్రకారం కట్టాడని ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) ఇచ్చాకే అది విడిపిస్తారు. అందుకే అప్పటిదాకా కింద ఖాళీగా, బుద్ధిగా ఉంచారు. ఓసీ వచ్చిన రెండు నెలలకి ఇటుకల లారీ దిగింది, పిల్లర్ల మధ్య గోడలు లేచాయి, మూడు షట్టర్లు: టిఫిన్ సెంటర్, ఫ్యాన్సీ షాపు, మొబైల్ రిపేరు. పైవాళ్ల కార్లు రోడ్డు మీదికి, దోసెకొచ్చేవాళ్ల బండ్లు మా గేటు ముందుకి. పొద్దున ఎనిమిదింటికి మనవరాల్ని స్కూల్ ఆటో ఎక్కించాలంటే ముందు నేను బండ్లు జరపాలి, హ్యాండిల్ లాక్ వేసుంటే లోపలికెళ్లి ‘ఎవరిదండీ ఈ యాక్టివా’ అని అరవాలి, అతను చట్నీ అద్దుకుంటూ ‘అయిపోయింది అంకుల్, రెండు నిమిషాలు’ అంటాడు.

ఫొటోలతో కంప్లైంట్ పెట్టా. తొమ్మిదో రోజు ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్. సంతోషంగా తెరిచి చూస్తే టిఫిన్ సెంటర్ షట్టర్ దించి ఉన్న ఫొటో. మధ్యాహ్నం మూడింటికి తీశారు, ఆ టైముకి వాళ్లు రోజూ మూసేస్తారు! పక్క రెండు షాపులు ఫొటోలోకి రాకుండా భలే తీశారు. మళ్లీ పెట్టా, ‘నోటీసు ఇవ్వడమైనది’ అని క్లోజ్. మూడోసారి ‘ట్రాఫిక్ పోలీసులకు సంబంధించినది’ అని క్లోజ్. నేనడిగింది గోడ గురించి, వాళ్లు చెప్పింది బండ్ల గురించి. ఇందులో పాత కంప్లైంటు తిరిగి తెరిచే ఆప్షన్ లేదు, ప్రతిసారీ కొత్త నంబరు. అంటే వాళ్ల లెక్కలో మూడు ఫిర్యాదులు వచ్చాయి, మూడూ పరిష్కారమయ్యాయి. ఒళ్లు మండింది నిజంగా.

చివరికి పనికొచ్చింది 10 రూపాయల ఆర్టీఐ, అదే సమాచార హక్కు దరఖాస్తు. శాంక్షన్ అయిన ప్లాన్ కాపీ అడిగితే 30 రోజుల గడువులో ఇరవై ఎనిమిదో రోజున ఇచ్చారు, ఇవ్వరనే అనుకున్నా. ఇప్పుడు దోసెల పెనం ఉన్నచోట ప్లాన్‌లో కారు బొమ్మ గీసుంది. అది పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లా. మూడు వారాలకి టౌన్ ప్లానింగ్ వాళ్లు, వెంట కొలతలు పట్టే చైన్‌మన్, టేపు పట్టుకుని వచ్చారు. అపార్ట్‌మెంట్ కొలిచారు. వెళ్తూ వెళ్తూ మా ఇంటి ర్యాంప్ కూడా కొలిచారు. రెండున్నర అడుగులు రోడ్డు మీదికుందట. ఉంది, కాదనను, మా గల్లీలో ర్యాంప్ లేని ఇల్లెక్కడ? నాకు నోటీసు నాలుగో రోజే వచ్చింది, ఇంటిపేరు కూడా తప్పు లేకుండా.

ర్యాంప్ నేనే కొట్టించేశా. అటు ఫ్యాన్సీ షాపు, మొబైల్ షాపు ఖాళీ అయ్యాయి, వాటి మధ్య గోడ సగం కొట్టి వదిలేశారు. టిఫిన్ సెంటర్ మాత్రం నడుస్తోంది, కోర్టు స్టే ఉందంటున్నారు, కాయితం నేను చూడలేదు.

లైట్లకి, చెత్తకి అయితే యాప్ వాడండి. కట్టడాల మీదైతే నంబరు కోసం ఒకటి పెట్టి, దాంతోపాటే ఆర్టీఐ కూడా వేసెయ్యండి. నేను రిటైరయ్యా, సోమవారాలు ఖాళీ, సొంతిల్లు, కాబట్టి తిరగగలిగా. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి, అద్దెకుండేవాళ్లకి ఇదంతా కుదురుతుందని చెప్పలేను, పైగా కంప్లైంట్ పెట్టింది నేనేనని అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి ఎలా తెలిసిందో ఇప్పటికీ అర్థం కాలేదు. ఐదు స్టార్లు రెండు చేశా. ఇప్పుడు స్కూటర్ లోపలికి ఎక్కించడానికి గేటు దగ్గర చెక్క పలక వేస్తున్నా. నిన్న పొద్దున దాని మీద కూడా ఎవరిదో పల్సర్ పెట్టి ఉంది.