మూడేళ్లు, 26 ట్రాక్ డేలు: ఆయిల్ కూలర్ బాగుంది, శాండ్‌విచ్ ప్లేట్ మీదే నా ఫిర్యాదు

ట్రాక్ డేల్లో (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజుల్లో) ఇంజిన్ ఆయిల్‌ని చల్లబరిచే ఈ కూలర్ పనిచేస్తుందా అంటే చేస్తుంది, బాగా చేస్తుంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ ఎక్కువ చెప్పాల్సింది దాన్ని ఇంజిన్‌కు కలిపే అరచేతంత అల్యూమినియం ప్లేట్ గురించి, ఆ ప్లేట్ గాడిలో కూర్చునే ఒక రబ్బరు రింగు గురించి. మూడేళ్లలో దక్కిన సంతోషమంతా కూలర్ చలవే. కోపం మాత్రం ఆ రింగు మీద ఇంకా పోలేదు.

ఇంజిన్ టర్బో లేని 2 లీటర్ల నాలుగు సిలిండర్లది. కారు బరువు 1,200 కిలోల చుట్టూ. ఫ్యాక్టరీ నుంచి ఆయిల్‌ని చల్లబరిచే ఏర్పాటు ఏదీ లేదు. కిట్‌లో వచ్చినవి 19 వరుసల కోర్ (ఆయిల్ చల్లబడే జాలీ భాగం), ఏఎన్-10 సైజు గొట్టాలు, ఫిల్టర్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య బిగించే శాండ్‌విచ్ ప్లేట్. ఆయిల్ వేడెక్కాక కోర్‌కి పూర్తిగా దారి తెరిచే థర్మోస్టాట్ ఆ ప్లేట్‌లోనే ఉంటుంది.

కూలర్ లేనప్పుడు సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) పెట్టిన సెన్సర్ చూపించిన లెక్క ఇదీ. బయట 24 డిగ్రీలు, సెషన్ 20 నిమిషాలు. మూడో ల్యాప్‌కి 118, ఆరో ల్యాప్‌కి 128, తొమ్మిదో ల్యాప్‌కి 135. భయపెట్టింది 135 అన్న అంకె కాదు, అక్కడ కూడా ముల్లు ఆగకపోవడం. కూలర్ కావాలా వద్దా అన్నది తేల్చేది ఈ అంకెలు పెరిగే తీరే. ఆయిల్ వేడి ఎక్కడో ఒకచోట స్థిరపడితే, అది 125 అయినా సరే, మంచి సింథటిక్ ఆయిల్‌తో, త్వరత్వరగా మార్చుకుంటూ బండి నడిపించుకోవచ్చు. సెషన్ అయిపోయేదాకా ఎక్కుతూనే ఉందంటే ఇంజిన్ పుట్టించే వేడికీ సంప్ వదిలించుకునే వేడికీ పొంతన కుదరలేదన్నమాట. అప్పుడు ఆయిల్ బ్రాండ్ మార్చి లాభం లేదు.

డాష్‌బోర్డులో నీళ్ల ముల్లు మధ్యలోనే ఉంది కదా అని ధీమాగా ఉండకండి. చాలా కార్లలో ఆ ముల్లుని కావాలనే కదలకుండా చేస్తారు. నీళ్లు 80 డిగ్రీలున్నా 105 ఉన్నా అది అక్కడే ఉంటుంది. పైగా బేరింగుల్లో రాపిడికి పుట్టే వేడీ, పిస్టన్ అడుగు నుంచి దిగే వేడీ ముందు ఆయిల్‌కే తగులుతాయి. రెవ్‌లు (ఇంజిన్ తిరిగే వేగం) పెరిగేకొద్దీ ఆయిల్ వేడి గబగబా ఎక్కుతుంది. అందుకే కూలర్ కంటే ముందు కొనాల్సింది ఆయిల్ టెంపరేచర్ గేజ్, ప్రెషర్ గేజ్. రెండు ట్రాక్ డేలు వాటితో తిరిగి, ల్యాప్ ల్యాప్‌కీ అంకెలు రాసుకున్నాకే కిట్ మాట ఎత్తాలి.

కూలర్ బిగించాక అదే ట్రాక్, అలాంటి వాతావరణంలో 114 దగ్గర ముల్లు అతుక్కుపోయింది. నాలుగో ల్యాప్‌లో 114, పదో ల్యాప్‌లోనూ 114. 6,500 ఆర్‌పీఎం దగ్గర ప్రెషర్ అంతకు ముందు 3.6 బార్‌కి పడిపోయేది, ఇప్పుడు 4.3 నిలబడుతోంది. గొట్టాలూ కోర్ అదనంగా చేరాయి కాబట్టి ప్రెషర్ తగ్గాలి అనుకుంటాం. నిజంగానే వాటిలో కాస్త నష్టమవుతుంది, కానీ ఆయిల్ పలచబడకుండా ఉండడం వల్ల దక్కే లాభం అంతకన్నా పెద్దది. 5డబ్ల్యూ-30 లోని 30 అన్నది 100 డిగ్రీల దగ్గరి చిక్కదనం. 135 కి వెళ్లేసరికి అది దాదాపు సగమవుతుంది. 150 డిగ్రీల దగ్గర, వేగంగా కదిలే భాగాల మధ్య నలిగే స్థితిలో (కోత ఒత్తిడిలో) కొలిచే చిక్కదనం 30 గ్రేడుకు కనీసం 2.9 మిల్లీపాస్కల్ సెకన్లు ఉండాలి, 5డబ్ల్యూ-40 కి 3.5. కంపెనీ మాన్యువల్ ఒప్పుకుంటే ట్రాక్ రోజులకు 40 గ్రేడుకు మారడం అన్నిటికంటే తేలికైన మొదటి మెట్టు. వేడి తగ్గదు గానీ బేరింగుల మధ్య పొర కొంత మందంగా ఉంటుంది.

ఇక ఆ ప్లేట్ సంగతి.

మొదటి రెండు ఆయిల్ మార్పిడులకు ఏ ఇబ్బందీ లేదు. మూడోసారి ఫిల్టర్ గట్టిగా పట్టేసింది. ట్రాక్ వేడికి ఫిల్టర్ గాస్కెట్ ప్లేట్‌కి అతుక్కుపోవడం మామూలే. పట్టీ పానాతో తిప్పితే ఫిల్టర్ ఊడింది, కానీ ఊడేముందు దానితోపాటు ప్లేట్ కూడా ఒక పది డిగ్రీలు తిరిగింది. గొట్టాల బిగువుకి మళ్లీ వెనక్కి వచ్చేసింది కాబట్టి చూపుకి ఏమీ తేడా తెలియలేదు. ప్లేట్‌ని బ్లాక్‌కి పట్టి ఉంచేది మధ్యలోని బోలు బోల్టు ఒక్కటే. ఆ బోల్టుకే ఫిల్టర్ మర. ఫిల్టర్‌ని విప్పే దిశ, బోల్టు వదులయ్యే దిశ ఒకటే! ఈ కిట్‌లో ప్లేట్ తిరగకుండా ఆపే కొక్కెం గానీ పిన్ను గానీ లేవు. నా దృష్టిలో ఇది డిజైన్‌లోనే ఉన్న లోపం.

కొత్త ఫిల్టర్ వేసి, ఇంజిన్ స్టార్ట్ చేసి చూస్తే చుక్క కారలేదు. చల్లటి ఇంజిన్‌తో 5 బార్ ప్రెషర్‌లోనూ పొడిగానే ఉంది. రోడ్డు మీద వారం రోజులు తిరిగినా అంతే. ట్రాక్ మీద రెండో సెషన్ నాలుగో ల్యాప్‌లో కాలిన ఆయిల్ వాసన మొదలైంది. తర్వాతి ల్యాప్‌లో పొడవాటి ఎడమ మలుపులో ప్రెషర్ 4.2 నుంచి 3 కి జారి, తిన్నగా రాగానే మళ్లీ పైకి లేచింది. అది ఆయిల్ మట్టం తగ్గి, సంప్‌లోంచి ఆయిల్ లాగే పికప్ గొట్టం గాలి పీలుస్తున్న గుర్తు. వెంటనే క్లచ్ నొక్కి, ఇంజిన్ ఆపేసి, రేసింగ్ లైను వదిలి గడ్డిలోకి దిగడం తప్ప వేరే దారి లేదు. డిప్‌స్టిక్ కింది గీతకు కూడా ఆయిల్ అందలేదు. తర్వాత మళ్లీ నింపితే 1.3 లీటర్లు పట్టింది. ట్రాక్ మీద పడిన ఆయిల్ మీద పొడి చల్లి ఊడ్చేదాకా అందరి సెషన్ ఆగిపోయింది. వెనకొచ్చే కారు ఆ తడి మీద జారి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఇంజిన్ కింద ఉండే అండర్‌ట్రే విప్పితే అసలు కథ తెలిసింది. కారిన ఆయిల్‌లో చాలా భాగం ట్రేలోని నురుగు పొర పీల్చేసుకుంది. అందుకే వారమంతా నేల మీద ఒక్క మరక పడలేదు. ప్లేట్ విప్పి ఓ-రింగ్ (మొదట చెప్పిన ఆ రబ్బరు రింగు) చేతిలోకి తీసుకుంటే గుండ్రంగా ఉండాల్సిన అడ్డుకోత పలకలా చదునై ఉంది. వేలితో వంచితే రబ్బరులా వంగలేదు, గోరు దిగలేదు. ఒకచోట గాడిలోంచి బయటికొచ్చి, ప్లేట్ అంచు కింద నలిగి, అర మిల్లీమీటరు చీలిక పడింది. అది నైట్రైల్ రబ్బరు. 100 డిగ్రీల చుట్టూ చాలాకాలం ఉంటుంది. 120 దాటి గంటల తరబడి పెడితే గట్టిపడి, సాగే గుణం పోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ చీలిక మూసుకునే ఉండేది. వేడికి అల్యూమినియం వ్యాకోచించి, ప్రెషర్ తోడయ్యేసరికి తెరుచుకుంది. ఆయిల్ వేడిని తట్టుకోవడానికి అమ్మే వస్తువులో ఆ వేడికి తట్టుకోని రింగు పెట్టారు. ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

ఫిల్టర్ డబ్బా కోసి, మడతల కాగితం విప్పి ఎండలో పట్టి చూస్తే మెరుపు తునకలు కనిపించలేదు. బేరింగులు బతికాయి.

ఆ తర్వాత మార్చినవి రాస్తున్నాను, ఇలాంటి ప్లేట్ ఉన్నవాళ్లు ఈ వారమే చూసుకోండి. మొదటిది, ఓ-రింగ్ ఎఫ్‌కేఎం రబ్బరుది వేయాలి, దాన్నే వైటాన్ అంటారు. 200 డిగ్రీల వరకు దానికి బెదురు లేదు. రంగు చూసి గుర్తుపట్టలేం, నల్లటిదీ ఉంటుంది గోధుమరంగుదీ ఉంటుంది, ప్యాకెట్ మీద పేరు చూసే కొనాలి. బిగించే ముందు రింగుకి కొత్త ఆయిల్ రాయాలి, లేకపోతే గాడిలో మెలిపడుతుంది. మధ్య బోల్టుని టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. ఈ కిట్‌కి చెప్పింది 40 న్యూటన్ మీటర్లు, మీ కిట్ కాగితంలో ఏముందో చూసుకోండి. బిగించాక బ్లాక్ మీంచి ప్లేట్ మీదుగా ఒకే గీత పెయింట్ పెన్నుతో గీయండి. ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ ఆ గీత తెగిందా అని చూడటానికి రెండు సెకన్లు చాలు. తెగితే విప్పి కొత్త రింగు వేయాల్సిందే, వెనక్కి తిప్పి సరిపెట్టకూడదు. ఫిల్టర్ విప్పేటప్పుడు ఇంకో పట్టీ పానాతో ప్లేట్‌ని పట్టుకోవాలి. కొత్త ఫిల్టర్‌ని గాస్కెట్ ఆనిన తర్వాత చేత్తో ముప్పావు చుట్టు, అంతే. అండర్‌ట్రేలో నురుగు పొర పీకేసి, ప్లేట్‌కి సూటిగా కింద ఒక కిటికీ కోసి పెడితే చెమ్మ పుట్టగానే కనబడుతుంది.

గొట్టాల విషయం ఇంత పెద్దది కాదు గానీ రెండు తప్పులు తరచూ జరుగుతాయి. కూలర్ మూతి (గొట్టం కలిసే చోటు) దగ్గర ఫిట్టింగ్ బిగించేటప్పుడు రెండో పానాతో మూతిని పట్టుకోకపోతే కోర్‌లోని అతుకు చిరుగుతుంది. ఏఎన్ ఫిట్టింగులు 37 డిగ్రీల కోను ముఖంతో మూసుకుంటాయి, మరకి టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. ఊడిన టేపు ముక్క ఆయిల్ దారిలో చేరుతుంది. రేకు అంచుల గుండా గొట్టం వెళ్లేచోట రబ్బరు గ్రామెట్ తప్పనిసరి. కోర్‌ని రబ్బరు బుష్‌ల మీద నిలబెట్టి, మూతులు పైకి ఉండేలా పెట్టాలి, లేకపోతే లోపల గాలి ఇరుక్కుంటుంది. మొదటిసారి స్టార్ట్ చేసేముందు ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసి, ప్రెషర్ కనబడేదాకా పది పది సెకన్లు స్టార్టర్‌తో ఇంజిన్‌ని తిప్పండి. తర్వాత థర్మోస్టాట్ తెరుచుకునేదాకా వేడెక్కించి, ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడండి. ఈ కిట్‌లో అదనంగా 0.8 లీటరు పట్టింది.

పైన 114 అని ఎంతో సంబరంగా రాశాను. అది 24 డిగ్రీల రోజు మాట. 36 డిగ్రీల ఎండలో అదే కూలర్ 121 దగ్గర నిలబడింది. అది కూడా గాలి నేరుగా కోర్‌కే చేరేలా డక్ట్ (గాలి దారి) కట్టాక. మొదట కోర్‌ని రేడియేటర్ ముందు వేలాడదీసినప్పుడు ఆయిల్ చల్లబడింది గానీ నీళ్లు 5 డిగ్రీలు పెరిగాయి. ఆయిల్ వదిలిన వేడి గాలి సూటిగా రేడియేటర్‌లోకే వెళ్లేది మరి. కోర్‌ని బంపర్ మూలకు జరిపి, దాని విస్తీర్ణంలో మూడో వంతు నోరున్న డక్ట్ పెట్టి, చుట్టూ సందులు నురుగు పట్టీతో మూసి, వెనక గాలి చక్రం గూటిలోకి పోయేలా దారి తీశాకే రెండూ దారికొచ్చాయి. గాలికి పక్కనుంచి పోయే సందు దొరికితే అది రెక్కల్లోంచి వెళ్లదు.

థర్మోస్టాట్‌ని కూడా మొదట్లో బాగా మెచ్చుకున్నాను. 82 డిగ్రీలకు తెరుచుకుంటుందని రాసి ఉంది, తెరుచుకుంటుంది. కానీ మూసి ఉన్నప్పుడు కూడా కొంత ఆయిల్‌ని కోర్‌లోకి వదులుతూనే ఉంటుంది. గొట్టాల్లో చల్లటి ఆయిల్ ఒక్కసారిగా వచ్చి పడకుండా కావాలనే అలా చేస్తారు. దాంతో చలి ఉదయాల్లో రోడ్డు మీద అరగంట తిరిగినా ఆయిల్ 76 దాటలేదు. అంత చల్లటి ఆయిల్‌లో పెట్రోలూ తేమా పూర్తిగా ఆవిరి కావు, ఫిల్లర్ మూత కింద గోధుమరంగు మీగడ పడుతుంది. ట్రాక్ లేని నెలల్లో కోర్ ముందు సగానికి రేకు అడ్డం పెడితే 90 కి వస్తోంది. రేకు తీయడం మరిచిపోతే ట్రాక్ మీద కథ మళ్లీ మొదటికొస్తుంది, అందుకే తాళం చెవికి ఒక ఎర్ర దారం కట్టి ఉంచాను.

ఇంజిన్‌ని బట్టి కూడా మాట మారుతుంది. పిస్టన్ల బదులు రోటర్లు తిరిగే రోటరీ ఇంజిన్లలో ఆ రోటర్లను లోపలినుంచి చల్లబరిచేది ఆయిలే, కాబట్టి మాజ్డా ఆర్‌ఎక్స్-7 కి ఫ్యాక్టరీ నుంచే ఆయిల్ కూలర్ ఉంది. నీళ్లతో చల్లబరిచే ఏర్పాటే లేని పాత పోర్షే 911 ఇంజిన్లకు సరేసరి. 2009 లో వచ్చిన నిస్సాన్ 370జెడ్ ట్రాక్ మీద ఆయిల్ బాగా వేడెక్కితే కంప్యూటరే రెవ్‌లు తగ్గించేసేది, తర్వాతి ఏళ్లలో దానికి కూలర్ చేరింది. టర్బో ఉంటే టర్బో బేరింగు వేడి కూడా ఆయిల్ ఖాతాలోనే పడుతుంది. హోండా ఎస్2000 లో నీళ్లతో ఆయిల్‌ని చల్లబరిచే చిన్న ఎక్స్ఛేంజర్ ఉంటుంది. ఈ పద్ధతికి ముందు బంపర్ దాకా గొట్టాలు అక్కర్లేదు, చలిలో నీళ్లే ఆయిల్‌ని వేడెక్కిస్తాయి కూడా. రేడియేటర్‌కి ఓపిక మిగిలి ఉంటేనే పనికొస్తుందన్నది దాని షరతు.

కాబట్టి 20 నిమిషాల సెషన్లు, ఏడాదికి ఎనిమిది తొమ్మిది ట్రాక్ డేలు, ఎండ ఎక్కువ, ఎప్పుడూ 5,000 పైన తిరిగే ఇంజిన్ అయితే ఈ కూలర్ మళ్లీ వేస్తాను. ప్లేట్ మాత్రం తిరగకుండా కొక్కెం ఉన్నదే వేస్తాను. ఏడాదికి రెండుసార్లు, 10 నిమిషాల సెషన్లకి, రోజూ ఆఫీసుకి అదే కారు నడిపేవాళ్లకి ఇదే సలహా ఇవ్వలేను. వాళ్లకు గేజ్, 40 గ్రేడు ఆయిల్, వేడి 130 తాకగానే ఒక ల్యాప్ నెమ్మదిగా తిరగడం చాలా వరకు సరిపోతాయి. కొత్తగా చేరే ఎనిమిది జాయింట్ల బాధ్యత వాళ్లకెందుకు?

సెకండ్ హ్యాండ్ కోర్ దొరుకుతోందని కొనేవాళ్లకు ఒక్కటే చెబుతాను: అది ఏ కారు మీంచి వచ్చిందో, ఆ ఇంజిన్ ఏమైందో అడగండి. బేరింగ్ పోయిన ఇంజిన్‌ది అయితే ఎంత కడిగినా లోపలి పలకల మధ్య ఇరుక్కున్న లోహపు పొడి పూర్తిగా రాదు. తర్వాత ఎప్పుడో ఆయిల్ వేడెక్కినప్పుడు అది కదిలి మీ ఇంజిన్‌లోకి వస్తుంది.