నగరం విడిపోతే పాత అప్పు ఎవరు కట్టాలి: ఏది మేలు?

అన్నదమ్ములు వేరుపడితే ఆస్తులతోపాటు అప్పులూ పంచుకుంటారు. నగరాలకు ఆ ఆనవాయితీ లేదు. అమెరికాలో వ్యోమింగ్‌లోని లారమీ కౌంటీ (మన జిల్లాలాంటిది) నుంచి కొంత ప్రాంతం వేరై ఆల్బనీ, కార్బన్ కౌంటీలు ఏర్పడ్డాయి. పాత అప్పులో వాటా ఇప్పించమని లారమీ కోర్టుకెక్కింది. శాసనసభ వేరే ఏర్పాటు చేయనప్పుడు అప్పంతా పాతవాళ్లదేనని 1875లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

మొదటి దారి ఇది. చట్టానికి ఇదే సులువు. లెక్కకే కష్టం. ఏటా 100 ఆస్తిపన్ను వస్తూ, అందులో 20 బాండ్ల (నగరం అప్పు పత్రాల) వాయిదాకు పోతోందనుకోండి. 40 కట్టే పేటలు వెళ్లిపోతే మిగిలిన 60లోంచే ఆ 20 తీయాలి. ఐదో వంతు భారం కాస్తా మూడో వంతవుతుంది. పైగా విడిపోతామనేది సాధారణంగా కలిగిన పేటలే! జార్జియాలో స్టాక్‌బ్రిడ్జ్ నగరం నుంచి కొంత భాగాన్ని ఈగల్స్ ల్యాండింగ్ అనే కొత్త నగరంలో కలపాలని 2018లో చూసినప్పుడు, బాండ్లు కొన్న సంస్థే కోర్టుకు వెళ్లింది. ఓటు హక్కు మాత్రం ప్రతిపాదిత నగరం పరిధిలోవాళ్లకే. పాత నగరంలో మిగిలేవాళ్లకు లేదు. అయినా ఆ ప్రతిపాదన ఓడిపోయింది.

రెండో దారి, దామాషాగా పంచుకోవడం, వినడానికి న్యాయంగా ఉంటుంది. దేని దామాషా? జనాభాదా, ఆస్తి విలువదా? అక్కడే పేచీ. అదీకాక బాండు మీద సంతకం పాత నగరానిది. కొత్తవాళ్లు వాటా ఆలస్యం చేస్తే ఎగవేతదారు పేరు పాతవాళ్లకే వస్తుంది.

మూడోది భరణం. 2002లో శాన్ ఫెర్నాండో వ్యాలీ లాస్ ఏంజెలెస్ నుంచి విడిపోవాలనుకున్నప్పుడు, పాత నగరానికి జరిగే నష్టానికి బదులుగా ఏటా తగ్గుతూ పోయే చెల్లింపు ఖరారు చేశారు. జనం దాన్ని భరణమనే పిలిచారు. వ్యాలీలో స్వల్ప మెజారిటీ ఒప్పుకున్నా నగరమంతా కలిపి చూస్తే ఓడిపోయింది.

నా ఓటు నాలుగోదానికి: బాండ్లు తీరేదాకా విడిపోయిన ఇళ్ల మీద కూడా పాత అప్పు పన్ను అలాగే కొనసాగించడం. పన్ను బిల్లులో రెండు నగరాల పేర్లు చూసి జనం విసుక్కుంటారు, నిజమే. కానీ అప్పు తెచ్చి వేసిన రోడ్డు మీద తిరిగినవాళ్లే దాన్ని తీరుస్తారు, అప్పిచ్చినవాడికీ బెంగ ఉండదు.

నీటి చార్జీల మీద తెచ్చిన బాండ్లకు ఈ గొడవే లేదు. కొత్త నగరం పాత కుళాయి నీళ్లే కొంటున్నంత కాలం వాయిదా దానంతటదే వస్తుంది. చిక్కల్లా అది సొంతంగా నీళ్ల ప్లాంటు కట్టుకున్న రోజునే.