డికాంటర్ వెండి బిళ్ల: చెక్కిన రాజచిహ్నం మేలా, పోత పోసింది మేలా?

ఇంగ్లండులో 1730ల నుంచి పోర్ట్, షెర్రీ, మదీరా వంటి ద్రాక్షసారాలు పోసే డికాంటర్ల (గాజు కూజాల) మెడలో, లోపలి మద్యం పేరుతో గొలుసుకు వేలాడిన వెండి బిళ్లల్లో, బ్రిటిష్ రాజచిహ్నం ఉన్నవి ముఖ్యంగా రెండు రకాలు. పలుచని రేకు మీద ఉలితో చెక్కినది ఒకటి, బరువైన పోత బిళ్ల మరొకటి.

చూడగానే మనసు పోత బిళ్ల మీదికే పోతుంది. సింహం జూలు, యూనికార్న్ కొమ్ము ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. చిహ్నం బిళ్లతోపాటే పుట్టింది కాబట్టి, తర్వాత ఎవరో చేర్చారన్న అనుమానం ఉండదు. భయమల్లా నకలు గురించే. అసలు బిళ్ల నుంచి అచ్చు తీసి పోస్తే హాల్‌మార్కులు (వెండి నాణ్యతకు కొట్టే అధికారిక ముద్రలు) కూడా దిగిపోతాయి. భూతద్దంలో వాటి అంచులు మొద్దుగా, సన్నని గుంటలతో కనబడతాయి. జత ఉంటే వెనక్కి తిప్పి పక్కపక్కన పెట్టండి. అసలు ముద్రలు చేత్తో ఒక్కొక్కటిగా కొట్టినవి. రెండింటిలోనూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకేచోట ఉంటే వదిలేయండి.

చెక్కిన బిళ్ల బెడద వేరు. సాదాది కొని, చిహ్నం చెక్కించి ధర పెంచడం సులువు. మద్యం పేరు అక్షరాలు అరిగి, చిహ్నం గీతలు మాత్రం పదునుగా ఉంటే అది తర్వాతి పని. పాత గుర్తును అరగదీసి ఉంటే నడిమి భాగం పలచబడి, వేలితో నొక్కితే లొంగుతుంది. నోటి ఆవిరి పట్టిస్తే చెరిపిన గీతల జాడ క్షణం సేపు తేలొచ్చు.

అయినా మా ఓటు చెక్కినదానికే. పోతలో, చిహ్నం నడుమ ఉండే వేలిగోరంత డాలులోని గుర్తులు కలిసిపోతాయి, చెక్కడంలో గీత గీతా చదవొచ్చు. ఆ డాలే తేదీ చెబుతుంది. ఫ్రెంచి లిల్లీ పూలుంటే 1801కి ముందుది. నడుమ చిన్న హానోవర్ (అప్పట్లో బ్రిటిష్ రాజులే ఏలిన జర్మన్ రాజ్యం) డాలు, దానిపై టోపీ ఉంటే 1801-1816. టోపీ బదులు కిరీటమైతే 1837 వరకు. విక్టోరియా రాణి వచ్చాక ఆ చిన్న డాలే లేదు. హాల్‌మార్కులో సంవత్సరాక్షరం (ముద్ర వేసిన ఏడాదిని తెలిపే అక్షరం) ఉంటే దీంతో సరిచూడండి. అక్షరం 1795 అంటూ, డాలు విక్టోరియాదైతే, చెక్కడం తర్వాత చేర్చిందే.

రాజచిహ్నం ఉన్నంత మాత్రాన రాజుగారి బల్ల మీదిదని అనుకోవద్దు. రాయబారులకు రాజకొలువు తరఫున ఇచ్చిన వెండి మీదా అదే చిహ్నం చెక్కేవారు.

ఒక్క విషయంలో మాత్రం పోతదే పైచేయి. తోమినకొద్దీ చెక్కిన గీతలు మాసిపోతాయి, అక్షరాల్లో నింపిన నల్ల మైనం రాలిపోతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తని గుడ్డ చాలు, పాలిష్ పొడి వద్దు.