ఆరేళ్లు, 84,000 కిలోమీటర్లు: ఒక కాంపాక్ట్ లగ్జరీ సెడాన్ మైలేజీ, నిర్వహణ ఖర్చులు

లగ్జరీ సెడాన్ కొనాలనుకునేవారు నన్ను మొదట అడిగేది మైలేజీ ఎంత అనే. ఆరేళ్ల అనుభవంతో నేను చెప్పగలిగేది ఇది: ఈ తరగతి కార్లలో పెట్రోలు ఖర్చు ముందే లెక్క వేసుకోగలిగిన ఖర్చు, దానికి భయపడనక్కరలేదు. జేబును నిజంగా కుదిపేవి కారు కదలకుండా నిలిపి ఉంచినా పాతబడిపోయే భాగాలు.

నా దగ్గరున్నది 2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిన్, 8 గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్, రియర్ వీల్ డ్రైవ్ ఉన్న సెడాన్. బీఎండబ్ల్యూ 3 సిరీస్, ఆడీ ఏ4, మెర్సిడెస్ సీ క్లాస్ వంటి కార్లు ఉండే తరగతికి చెందినది. కొన్న రోజు నుంచి ఒక చిన్న నోటుపుస్తకాన్ని డాష్‌బోర్డు అరలో ఉంచి, పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, ఓడోమీటరు అంకె, ఎన్ని లీటర్లు పట్టిందీ రాసుకుంటున్నాను. ఎప్పుడూ ట్యాంకు నింపించేది గన్ తనంతట తాను మొదటిసారి ఆగేవరకే. ఆ తర్వాత కూడా ఒకసారి అర లీటరు, మరోసారి లీటరు కుక్కించుకుంటూ పోతే ఏ రెండు లెక్కలకూ పొంతన ఉండదు. ఆ పుస్తకం ప్రకారం 84,000 కిలోమీటర్లకు 7,310 లీటర్లు ఖర్చయ్యాయి, అంటే సగటున లీటరుకు దాదాపు 11.5 కిలోమీటర్లు. ఇదే కాలానికి కారు స్క్రీన్ చూపిన సగటు 12.2. ఆరు శాతం తేడా చిన్నదేమీ కాదు కాబట్టి, ఎవరైనా స్క్రీన్ ఫోటో చూపించి మైలేజీ ఇంత అంటే దాన్ని కొంత తగ్గించుకుని వినడం మంచిది.

అయితే సగటు అంకె ఒక్కటే కారు స్వభావాన్ని చెప్పదు. రద్దీ రోడ్ల మీద నాకు 8 నుంచి 9 వస్తే, హైవే మీద గంటకు 90 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వెళ్లినప్పుడు 17 వచ్చింది. అదే హైవే మీద 110తో వెళితే 14కు పడిపోయింది. గాలి నిరోధం వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 90 నుంచి 110కి వెళ్లామంటే గాలి వెనక్కి నెట్టే బలం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. కంపెనీలు ప్రకటించే అంకెలకు, మనకు వచ్చే అంకెలకు పొంతన కుదరకపోవడానికి కూడా ఇలాంటి కారణాలే ఉన్నాయి. యూరప్‌లో మైలేజీ కొలవడానికి వాడిన పాత ఎన్‌ఈడీసీ పరీక్షలో కారును రోలర్ల మీద సగటున గంటకు సుమారు 34 కిలోమీటర్ల వేగంతో 11 కిలోమీటర్లు మాత్రమే నడిపేవారు. 2017 నుంచి యూరప్‌లో దాని స్థానంలోకి వచ్చిన డబ్ల్యూఎల్‌టీపీ పరీక్ష 30 నిమిషాల పాటు, 23 కిలోమీటర్లకు పైగా సాగుతుంది, వేగం 131 వరకు వెళుతుంది. అందుకే దాని అంకెలు వాస్తవానికి కొంత దగ్గరగా ఉంటాయి. కానీ అందులోనూ ఏసీ ఆపే ఉంటుంది.

మైలేజీని నేను అనుకున్నదానికంటే ఎక్కువగా దెబ్బతీసినవి చిన్న ప్రయాణాలు. మూడు నాలుగు కిలోమీటర్ల దూరానికి చల్లటి ఇంజిన్‌తో బయలుదేరితే, అది వేడెక్కేలోపే ప్రయాణం ముగిసిపోతుంది. అలాంటి పనులను ఒకే విడతలో కలిపి చేసుకున్న నెలల్లో నా సగటు లీటరుకు ఒక కిలోమీటరు వరకు మెరుగుపడింది. ఎకో మోడ్ వల్ల ఇందులో సగం ప్రయోజనం కూడా నాకు కనిపించలేదు.

ఇక టైర్లు. ముందు టైర్ల కంటే వెనుక టైర్లు వెడల్పైనవి కావడం వల్ల వాటిని ముందుకీ వెనక్కీ మార్చుకుంటూ సమానంగా అరగదీసే వీలు లేదు. ఇంజిన్ శక్తంతా వెనుక చక్రాల మీదే పడుతుంది కాబట్టి అవి 34,000 కిలోమీటర్లకే అరిగిపోయాయి, ముందువి మరో 12,000 నడిచాయి. షోరూములో చక్రాల అందం చూసి పెద్ద సైజు ఎంచుకునేవారు ఈ ఖర్చును మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి. బ్యాటరీ సంగతీ ఇలాంటిదే: సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగి మళ్లీ స్టార్టయ్యే కారు కాబట్టి తరచూ స్టార్టవడాన్ని తట్టుకునే ఏజీఎం రకం బ్యాటరీయే వేయాలి, పైగా కొత్త బ్యాటరీ వేసిన విషయం కారు కంప్యూటరులో నమోదు చేయించాలి. లేకపోతే అది పాత బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టినట్టే దీనికీ పెడుతుంది.

బ్రేకుల విషయంలో ఒక సర్వీస్ సెంటరులో ప్యాడ్లతో పాటు నాలుగు డిస్కులూ మార్చాలని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ప్రతి డిస్కు మీద కనీస మందం ఎంత ఉండాలో అచ్చు గుద్ది ఉంటుంది. దాన్ని చూపించి, నా ఎదుటే కొలవమని అడిగితే ముందు డిస్కులు హద్దుకు దగ్గరగా ఉన్నాయి, వెనుకవాటిలో ఇంకా చాలా మందం మిగిలి ఉంది. ఆ ఒక్క కొలతతో బిల్లు సగానికి తగ్గింది. ఇక్కడ గుర్తుంచుకోవలసినది ఏమిటంటే, కారు విలువ ఏటా పడిపోతుంది గానీ దాని విడిభాగాల ధర పడిపోదు. సెకండ్ హ్యాండులో సగం ధరకే దొరికిందని కొన్నవారు కూడా డిస్కుకు, హెడ్‌లైటుకు కొత్త కారు కొన్నవారు చెల్లించే ధరే చెల్లించాలి.

ఇంజిన్ ఆయిల్‌ను స్క్రీన్ అడిగేవరకు ఆగకుండా ప్రతి 10,000 కిలోమీటర్లకు మారుస్తున్నాను. టర్బో వేడిని భరించే ఆయిల్‌ను అంతకంటే ఎక్కువ దూరం నడపడం నా దృష్టిలో పొదుపు కాదు.

నోటుపుస్తకం విలువ నాకు పూర్తిగా తెలిసివచ్చింది ఐదో ఏడాదిలో. వరుసగా నాలుగు ట్యాంకులు 10.3, 10.1, 9.9, 10.0 అని వచ్చాయి. కారు పాతబడితే మైలేజీ తగ్గడం మామూలేనని, ఇంజెక్టర్లు శుభ్రం చేయిస్తే సరిపోతుందని ఒక వర్క్‌షాపువారు చెప్పారు. కానీ పాతబడటం వల్ల తగ్గేది మెల్లమెల్లగా తగ్గుతుంది, ఇలా ఒక్క నెలలో దిగిపోదు. టైర్లలో గాలి సరిగానే ఉంది. తర్వాతి వారం హైవే మీద వెళుతూ ఆయిల్ ఉష్ణోగ్రత చూపే ముల్లును గమనిస్తూ ఉన్నాను. ఎప్పుడూ 100 దగ్గర నిలిచే ముల్లు వేగం పెరిగేకొద్దీ 80 కిందికి దిగుతోంది, టోల్ గేటు దగ్గర ఆగగానే మళ్లీ పైకి లేస్తోంది. ఇంజిన్ వేడెక్కేవరకు కూలెంటు రేడియేటరులోకి వెళ్లకుండా ఆపే థర్మోస్టాట్ మూసుకోకుండా తెరుచుకునే ఉండిపోయిందన్నమాట. ఇంజిన్ సరైన వేడికి చేరకపోవడంతో కంప్యూటరు పెట్రోలును అవసరానికి మించి పంపుతోంది. థర్మోస్టాట్ మార్పించాక మొదటి ట్యాంకుకు 11.6 వచ్చింది, అప్పటి నుంచి 11 కిందికి దిగలేదు.

ఇప్పుడు మిగిలింది గేర్‌బాక్స్ ఆయిల్. కారుతో ఇచ్చిన పుస్తకంలో దాని ప్రస్తావనే లేదు. గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఫిల్టరు, కింది ప్లాస్టిక్ పళ్లెం ఒకే భాగంగా వస్తాయి కాబట్టి రెండూ కలిపి మార్చవలసిందే. ఆ భాగానికి ఆర్డర్ ఇచ్చాను, 90,000 చేరేలోపు ఆ పని పూర్తి చేయిస్తాను.